పాత గుడికి లేజర్ స్కానింగ్ చేయిస్తే నిజంగా మేలుంటుందా?

ఊరిమండపం (ప్రశ్న):
మా ఊరి శివాలయం ఏ ప్రభుత్వ శాఖ సంరక్షణలోనూ లేదు. ముఖమండపంలో ఆగ్నేయపు మూల స్తంభం పక్కకు వాలింది. స్తంభానికీ పై దూలానికీ మధ్య సందులో ఇప్పుడు నా చిటికెన వేలు దూరుతోంది. ఐదారేళ్ల కిందట అక్కడ పోస్టుకార్డు కూడా పట్టేది కాదని పూజారిగారు చెబుతున్నారు. జీర్ణోద్ధరణకు చందాలు కొంత పోగయ్యాయి. అందులోంచి లేజర్ స్కానింగ్ చేయిద్దామని కుర్రవాళ్లు, ఆ డబ్బుతో రాయి నిలబెట్టుకుందామని పెద్దలు పట్టుబడుతున్నారు. కంప్యూటరులో దాచిన గుడి వల్ల రాతిగుడికి కలిగే మేలేమిటో తెలిసినవారు దయచేసి చెప్పండి.

కొలతపట్టీ:
నేను చాలాకాలంగా సర్వే పనిలో ఉన్నానండీ. స్కానర్‌ను ట్రైపాడ్ మీద నిలబెడితే అది తిరుగుతూ సెకనుకు లక్షలాది చోట్లకు లేజర్ కాంతిని పంపి, తిరిగివచ్చిన కాంతిని బట్టి ఒక్కొక్క చోటి దూరాన్ని లెక్కకడుతుంది. ఒక చోటి నుంచి స్తంభం వెనుక భాగం కనిపించదు కాబట్టి, పరికరాన్ని పలుచోట్లకు మార్చి, ఆ కొలతలన్నిటినీ ఒకటిగా కలిపితే పాయింట్ క్లౌడ్, అంటే కోట్లాది చుక్కలతో కంప్యూటరులో కట్టిన గుడి రూపం తయారవుతుంది. మీ స్తంభం ఏ వైపుకు ఎన్ని మిల్లీమీటర్లు వాలిందో అందులో తెలుస్తుంది. కొన్ని నెలల తరువాత మళ్లీ కొలిస్తే వాలు ఆగిందో, పెరుగుతోందో తేలుతుంది. మీ గుడికి అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఇదే.

అయితే పునాది కింద మట్టి కుంగడం, రాయి లోపలి పగులు దీనికి కనబడవు. రామప్ప గుడి మదనికల వంటి నున్నటి నల్లరాతి శిల్పాల మీద లేజర్ కొలతల్లో తేడాలు రావచ్చు. అలాంటి చోట వందల ఫోటోలు తీసి వాటి నుంచి కూడా రూపం కట్టి సరిచూసుకోవడం మేలు. ఏది చేసినా, ముందు దూలం కింద గట్టి కలప ఊతాలు పెట్టించండి. పగులు ఉన్నచోట దాని మీద అడ్డంగా సన్నని గాజుపలక అతికించి తేదీ వేయండి. పలక విరిగితే రాయి కదులుతున్నట్టే.

స్వర్ణముఖి:
మాది శ్రీకాళహస్తి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ముందు నుంచీ పగుళ్లు కనబడుతూనే ఉన్నాయి. ఆ స్థానంలో కొత్త గోపురం లేచి 2017లో కుంభాభిషేకం కూడా జరిగింది, దానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ చిన్నప్పుడు నేను తల వెనక్కి వాల్చి చూసిన పాత గోపురంలోని ప్రతి బొమ్మకూ కొలత మిగిలి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

పారిస్‌లోని నోత్ర్ దామ్ సంగతి చూడండి. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు 2010లో ఆ చర్చిని యాభైకి పైగా చోట్ల నుంచి స్కాన్ చేశాడు. పైకప్పులోని ఓక్ కలప చట్రాన్ని 2014లో ఇద్దరు వాస్తుశిల్పులు స్వయంగా కొలిచి గీతలు గీశారు. 2019 ఏప్రిల్ 15న ఆ కప్పు కాలిపోయినప్పుడు, టాలన్ అప్పటికే కన్నుమూసినా, ఆయన కొలతలూ ఆ గీతలూ పునర్నిర్మాణానికి ఆధారమయ్యాయి. 2024 డిసెంబరులో చర్చి తిరిగి తెరుచుకుంది. ప్రమాదం జరిగాక ఎంత డబ్బు పోసినా పాత కొలత దొరకదు.

రాతిరాత:
పైవారు చెప్పినదానికి ఒక్కటి చేరుస్తాను. స్కానింగ్ చేసినవారు మీ చేతికి కంప్యూటరు బొమ్మలు మాత్రమే ఇచ్చి, ముడి కొలతలు తమ దగ్గరే ఉంచుకోకుండా ముందే రాయించుకోండి. ఏ సాఫ్ట్‌వేరులోనైనా తెరుచుకునే రూపంలో తీసుకుని, మూడు వేర్వేరు చోట్ల దాచి, ఏడాదికొకసారి తెరిచి చూడాలి. హార్డ్ డిస్కు రాయంత కాలం బతకదు కదా.

హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పదీసి తిరిగి నిలిపేసరికి ఏళ్లూ పూళ్లూ పట్టాయి. 2024 మార్చిలో గానీ తెరవలేదు. మీ మండపాన్ని విప్పవలసి వస్తే, ఏ రాయి ఎక్కడిదో తెలియజేసే ఆధారం చేతిలో ఉండాలి. గోడల మీద శాసనం ఉంటే సున్నం గానీ రంగు గానీ పూయనివ్వకండి.

ఊరిమండపం:
అందరికీ నమస్కారాలు. రేపే ఊతాలకు కలప మాట్లాడుతున్నాము. ఉత్తరపు గోడ మీద నాలుగు వరుసల రాత ఉంది. దానిపై పాత సున్నం పొర పేరుకుపోయి ఉంది. రాయికి గాటు పడకుండా ఆ పొరను ఎవరిచేత తీయించాలో రాతిరాత గారు చెప్పగలరా?