అప్‌డేట్: పాత టర్బో కారును మార్చుకున్నాను
నా పాత టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం ఉన్న) పెట్రోల్ కారుకు మరమ్మతులు కొనసాగించాలా, కొంత సొమ్ము కలిపి అదే మోడల్‌లో బాగా చూసుకున్న కారుతో మార్చుకోవాలా అని గత నెల అడిగాను. మార్చుకున్నాను.

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లి, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూశాను; ఆయిల్ కాలుతోందనడానికి గుర్తైన నీలం పొగ రాలేదు. గాలి గొట్టం విప్పించి టర్బో ఇరుసును వేళ్లతో కదిపితే, నా పాతదానిలా లొడలొడలాడకుండా సాఫీగా తిరిగింది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే ఆ ఇరుసుకు ఆయిలే ప్రాణం కనుక, ఆయిల్ మార్పించిన రసీదులన్నీ దాచిన యజమానిపై నాకు గురి కుదిరింది. తలుపుల అడుగున కాస్త తుప్పు ఉంది, అది చేయించుకుంటాను.

బండి యాజమాన్యం మార్చే ఫారం 29, 30లపై ఇద్దరమూ సంతకాలు చేశాం. మూడేళ్లు నా చేతులతో విప్పి బిగించిన బండిని అక్కడ వదిలి రావడం మాత్రం చాలా కష్టమైంది.