సమస్యాపూరణం: "కోట్లు గలుగువాఁడె కూటిపేద"

ఈ వారం సమస్య (ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి):
కోట్లు గలుగువాఁడె కూటిపేద

నిర్వాహకుడు: "కోటి విద్యలు కూటి కొరకే" అన్న సామెతను తలకిందులు చేస్తే వచ్చిన సమస్య ఇది. స్వార్జితంతో పైకొచ్చినవారిని మనసులో పెట్టుకుని పూరించండి. "కోట్లున్నా పేదే" అని సరిపెట్టేస్తే చాలదు. పాదంలో "వాఁడె" ఉంది, అంటే "అతడే" అని. ఆ కోట్లే అతణ్ణి కూటికి పేదను ఎలా చేశాయో పద్యం చూపించాలి.

విజయవాడ నుంచి:
పస్తులుండి నాఁడు పైసపైసనుఁ గూర్చె
నేఁడు వైద్యుఁడొచ్చి నెయ్యి మాన్పె
గంజి మెతుకు గూడఁ గైకొన వలదనె
కోట్లు గలుగువాఁడె కూటిపేద

నిర్వాహకుడు: నడక బాగుందండీ. మొదటి పాదంలో పస్తులు, మూడో పాదంలో మళ్ళీ పస్తులే: అప్పుడు లేక, ఇప్పుడు ఉండీ తినలేక. "వైద్యుఁడొచ్చి" మాత్రం గ్రాంథికంలో చెల్లదు, "వచ్చి" వకారం పోగొట్టుకోదు. "నేఁడు వైద్యులెల్ల నెయ్యి మాన్ప" అంటే గణాలూ (పాదంలో లఘుగురువుల కొలత) యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) రెండూ నిలుస్తాయి. ఇంకొక సందేహం. చక్కెర జబ్బు కూలివాడికీ వస్తుంది కదా? కోట్ల కోసం వేళ తప్పి తిన్నందువల్లే వచ్చిందని ఒక మాట పడితే సమస్య పూర్తిగా విడేది.

రాజమహేంద్రవరం నుంచి:
ముట్టినంత నన్నముద్ద బంగారమై
పండు పసిఁడి యయ్యెఁ బాలు గూడ
మైడసనెడు రాజు మలమల మాడెను
కోట్లు గలుగువాఁడె కూటిపేద

నిర్వాహకుడు: గ్రీకు కథ ఆటవెలదిలో ఇంత హాయిగా ఇమిడిపోయింది. కూటిపేద అన్న మాటకు వాచ్యార్థమే కుదిరింది, ఉపమ అక్కర్లేదు. "వాఁడె" కూడా సార్థకం, కోరుకున్న బంగారమే నోటి దగ్గర అడ్డుపడింది. స్వార్జితం కాదు, వరం. అందుకే మొదటి వరుసలో పెట్టలేకపోతున్నాను.

ఖమ్మం నుంచి (కొత్త సభ్యుడు):
కష్టపడ్డవాఁడు సుఖపడు నందురు
కాని నిదుర రాదు కనుల కెపుడు
లెక్కలెన్ని వేయ లేమియే మిగులును
కోట్లు గలుగువాఁడె కూటిపేద

గుంటూరు నుంచి: తమ్ముడూ, గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి, సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది: "క"కు "సు"తో మైత్రి లేదు. "కష్టపడ్డవాఁడు కడకు సుఖించును" అని చూడు. పోతే, నిద్ర రాకపోవడానికీ కూటికీ సంబంధమేమిటి? భోజనం ఎక్కడా కనిపించలేదు.

తిరుపతి నుంచి:
ఏడుకొండలయ్య కెన్ని సొమ్ములు గల్గు
పగులుకుండలోని పట్టెఁడంత
చలువ పెరుగుమెతుకు స్వామికి నర్పింత్రు
కోట్లు గలుగువాఁడె కూటిపేద

నిర్వాహకుడు: కులశేఖరపడి (తిరుమల గర్భగుడి గడప) దాటి లోపలికి వెళ్ళే నివేదన ఓడులోని (పగిలిన కుండలోని) దద్దోజనమేనన్న ఆచారం తెలిసినవారికి ఈ పద్యం వెంటనే పట్టుకుంటుంది. విషయం మన పరిధి దాటినా తీసివేయను.

మచిలీపట్నం నుంచి:
అంజనమ్ము నమ్మి యార్జించి సొమ్మెల్ల
పత్రికలకుఁ బంచెఁ బంతులయ్య
దాఁచి తినక యొరుల దరిఁజేర నీయని
కోట్లు గలుగువాఁడె కూటిపేద

గుంటూరు నుంచి: రెండు పాదాల్లో ఒకరు, తర్వాత రెంటిలో ఇంకొకరు. మధ్య "కాని" లేదు. అన్వయం తెగిపోతోంది.

నిర్వాహకుడు: అన్వయం విషయంలో మీ మాట నిజం. అయినా ఈ పద్యానికి నా మనసు ఎక్కువ మొగ్గుతోంది, ఎందుకో చెప్పనివ్వండి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. ఆ చిన్న సీసాల రాబడి 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికైంది, 1914లో మద్రాసులో దినపత్రికైంది, 1924లో భారతి మాసపత్రిక అయింది. తలనొప్పి మందు అమ్మి ఒక జాతికి చదువుకునే అలవాటు కొనిపెట్టిన మనిషి. డబ్బు ఎలా సంపాదించాలన్నది చాలామంది చెబుతారు, దాన్ని ఎటు పోనివ్వాలన్నది ఆయన చేసి చూపించారు. పద్యంలో ఆయన ఎదురుగా దాచుకున్నవాణ్ణి నిలబెట్టడం వల్లే ఆ రెండోవాడి ఆకలి కనిపిస్తోంది. అంజనమ్మున్ + అమ్మి సంధి కూడా చక్కగా కలిసింది.

డాలస్ నుంచి:
నాల్గు మెతుకు లపుడు నల్వురు దినిరయ్య
బల్ల నిండఁ గలదు భక్ష్య మిపుడు
పిలువ నెవరు లేరు పీఁటలే మిగిలెను
కోట్లు గలుగువాఁడె కూటిపేద

గుంటూరు నుంచి: అమ్మా, బల్ల మీద భోజనం పెట్టి పీటలు వేశారేమిటి? రెండూ ఒకచోట పొసగవు. మూడో పాదం చివర "ప్రేముడితోఁ దిన" (ప్రేమతో తినడానికి) అంటే యతి కూడా కుదురుతుంది.

డాలస్ నుంచి: మాస్టారూ, అవి ఊరి ఇల్లు అమ్మేసినప్పుడు మా మామయ్యగారు తెచ్చుకున్న పీటలండీ. చెక్క అరిగి మధ్యలో పల్లం పడ్డాయి. భోజనాల బల్ల పక్కనే గోడకు ఆనించి ఉంటాయి. అవి చూసే ఈ పద్యం రాశాను.

నిర్వాహకుడు: అలాగైతే పీటలే ఉండాలి, మార్చకండి. "ప్రేముడి" అంటే పద్యం మెత్తబడిపోతుంది. "అపుడు"కు "ఇపుడు" ఎదురుపడిన తీరు కూడా బాగుంది. ఆ నలుగురూ ఎటు వెళ్ళారన్నది చెప్పకుండా వదిలేయడమే దీని బలం. సంపాదన కోసం వెళ్ళారని చదివేవారికి తెలుస్తూనే ఉంది.

ఖమ్మం నుంచి: గుంటూరు మాస్టారు చెప్పినట్టు సవరించాను. భోజనం కూడా తెచ్చాను.
కష్టపడ్డవాఁడు కడకు సుఖించును
కాని తినెడు వేళ కలుగదాయె
లెక్కలడుగ నెవరొ లేచె విస్తరి వీడి
కోట్లు గలుగువాఁడె కూటిపేద

గుంటూరు నుంచి: భేష్! మూడో పాదం నాది అయివుంటే బాగుండేది.

నిర్వాహకుడు: నేను మొదట్లో అడిగిన "వాఁడె"కు సూటిగా జవాబు చెప్పిన పద్యం ఇదే. లెక్కలు లేనివాడైతే విస్తరి ముందు నుంచి లేవనక్కర్లేదు. ఈ వారం మొదటి స్థానం ఖమ్మం తమ్ముడికి, డాలస్ సోదరికి కలిపి ఇస్తున్నాను.