‘గోలించు’ యాస మాత్రమేనా? మూతపడ్డ ఒక కోడికూర హోటల్ సాక్ష్యం

‘వేయించు’ అన్న మాటనే తెలంగాణలో ‘గోలించు’ అంటారు, అంతకుమించి ఏమీ లేదని నిన్న ఒక మిత్రులు రాశారు. నేను ఒప్పుకోను. వరంగల్‌లో మా ఇంట్లో అవి రెండు వేర్వేరు పనులు. పల్లీలు, నువ్వులు నూనె లేకుండా వేయిస్తాం. ఉల్లిగడ్డను, మాంసాన్ని నూనెలో గోలిస్తాం. పైగా వేగు, వేయించు ఉన్నట్టే గోలు, గోలించు ఉన్నాయి. ఉల్లిగడ్డ గోలుతుంది, మనం గోలిస్తాం. అకర్మకం, సకర్మకం రెండూ చక్కగా ఉన్న క్రియను పక్కన పెట్టడం నాకు బాధగా ఉంది.

హనుమకొండలో ఒకప్పుడు నడిచిన చిన్న కోడికూర హోటల్‌లో ఈ తేడా కళ్లకు కట్టేది. బోర్డు మీద ‘చికెన్ ఫ్రై’ అని ఉండేది కానీ వంటాయన ‘ఇంకా గోలలేదు, ఆగండి’ అనేవారు. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిని ముందు దాని నీటిలోనే ఉడికించేవారు. నీరు ఇగిరాక వెడల్పాటి మూకుడులో కొద్దిగా నూనె పోసి, అడుగంటకుండా తిప్పుతూ ముక్క ఎర్రబడేదాకా సెగ మీదే ఉంచేవారు. చివర ధనియాల పొడి, కొత్తిమీర. ఆ ఓపికంతటికీ పేరు గోలించడం. పిండి పట్టించి మరిగే నూనెలో ముంచి తీసే చికెన్ పకోడికి ఆయన ఆ మాట వాడలేదు. మద్రాసు బుహారీ హోటల్‌లో 1965లో పుట్టిందని చెప్పే చికెన్ 65ది కూడా ఆ ముంచి తీసే దారే.

1959లో మొదలై, తర్వాత ఎన్ఐటీగా మారిన వరంగల్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు కూడా ఆ హనుమకొండ హోటల్‌కు వచ్చేవారు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు ‘వేపుడు’ అని అడిగేవారు. ఊరివాళ్లు ‘గోలించింది’ అనేవారు. వచ్చే పళ్లెం ఒకటే.

యజమానికి వయసు మీదపడి హోటల్ మూసేశారు. ఇప్పుడు ఏ హోటల్ పట్టిక చూసినా మూకుడులో గోలించినదీ, పిండి పట్టించి ముంచి తీసినదీ అంతా ‘ఫ్రై’యే. వంట పుస్తకాలు రాసేవారైనా ఈ క్రియను వాడితే బాగుంటుంది. తక్కువ నూనెలో, నిదానంగా అని విడిగా చెప్పే పని తప్పుతుంది.

కరీంనగర్, జగిత్యాల, ఆదిలాబాద్ మిత్రులు ఒక సంగతి చెప్పండి. మీ ఇళ్లలో వంకాయ, బెండకాయలకు కూడా ‘గోలించు’ వాడతారా, లేక ఉల్లిగడ్డకూ మాంసానికేనా?