సైన్స్ ముచ్చట్లు చాయ్ హోటల్‌లోనా, గ్రంథాలయంలోనా?

చౌరస్తా:
పోయిన నెల హనుమకొండలో ఒక చాయ్ హోటల్‌లో జరిగిన ఉచిత సైన్స్ ముచ్చటకు వెళ్లాను. విషయం రామప్ప గుడి శిఖరంలోని తేలే ఇటుకలు. వచ్చే నెల నుంచి ఈ ముచ్చట్లను గ్రంథాలయం హాలుకు మార్చాలని నిర్వాహకుల ఆలోచనట. మార్చవద్దని నా వాదన.

మాట్లాడినాయన ఇటుకను వెంట తీసుకురాలేదు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, దాని ఇటుకను సంచిలో వేసుకుని రావడం కుదరదు కదా. ఒక రస్కు అడిగి తీసుకుని, విరిచి చాయ్ గ్లాసులో వేశారు. తేలింది. ‘మట్టిలో కలిపిన పొట్టు బట్టీలో కాలిపోతే ఆ చోట గాలి మిగులుతుంది, అందుకే ఇటుక నీటికన్నా తేలిక’ అని చెబుతుండగానే రస్కు చాయ్ పీల్చుకుని అడుగుకు పోయింది. పక్క బల్ల దగ్గరున్న ఆటో డ్రైవరు నవ్వి, ‘మరి మీ ఇటుక కూడా నానితే మునగాలి కదా సార్?’ అన్నాడు. ఆయన కుర్చీని అటు తిప్పుకున్నారు. రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటే నీరు లోపలికి పాకుతుంది, విడివిడిగా మూసుకుని ఉంటే పాకదు. అక్కడి నుంచి ముప్పావు గంట మాటలన్నీ వాళ్లిద్దరి మధ్యే. ఆ డ్రైవరు హాలుకు వస్తాడా? వచ్చినా వెనక వరుసలో కూర్చుని చెయ్యెత్తుతాడా?

పాత అధ్యాపకుడు:
తమ్ముడూ, ఆ రోజు నేనూ ఉన్నాను, తలుపు పక్కన. ‘రంధ్రాలు మూసుకుని’ అన్న తర్వాత నాకు వినిపించింది ‘నాలుగు చాయ్, రెండు సమోసా’. మన ఊరికి సభలు కొత్త కాదు. రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఇక్కడ 1904లోనే వెలసింది. నిజాం పాలనలో తెలుగు పుస్తకం కోసం అక్కడికి వెళ్లిన వాళ్లను ఎవరూ చాయ్ ఆశచూపి పిలవలేదు. శాస్త్రవేత్త ఫారడే కొవ్వొత్తి గురించి పిల్లలకు చెప్పింది లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ హాలులోనే. 1825లో మొదలైన ఆ క్రిస్మస్ ఉపన్యాసాలు నేటికీ ఉన్నాయి.

ఇంకొకటి. అందరూ లేచాక ఒకాయన అక్కడే నిలబడి పాముకాటుకు పసరు వైద్యం గురించి పది నిమిషాలు చెప్పాడు. విన్నవాళ్లు తలలూపారు. అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని ఇంటికి పోయినవాళ్లు ఎందరో! హాలులోనైతే మైకు ఒకరి చేతిలో ఉంటుంది.

చౌరస్తా:
పసరు సంగతిలో మీదే ఒప్పు సార్. కానీ హోటల్‌లో సైన్స్ మనవాళ్లు కనిపెట్టిన వింత కాదు. పారిస్‌లో 1992లో మార్క్ సోటే కాఫీ హోటల్‌లో తత్త్వచర్చలు మొదలుపెట్టాడు. ఆ దారిలోనే 1998లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో డంకన్ డల్లాస్ అనే టీవీ నిర్మాత ‘కెఫే సైంటిఫిక్’ నడిపాడు. పద్ధతి చిన్నదే: శాస్త్రవేత్త కాసేపు మాట్లాడతాడు, గ్లాసులు నింపుకోవడానికి విరామం, మిగతాదంతా ప్రశ్నలే. ఆ విరామంలోనే ఉంది కిటుకు. ‘నాకు అర్థం కాలేదు’ అని పక్కవాడికి చెప్పుకుంటాం, వాడికీ కాలేదని తెలుస్తుంది, ధైర్యం వస్తుంది.

పరకాల బస్సు:
ఆ హోటల్ ముందు నుంచి పన్నెండేళ్లుగా బస్టాండుకు నడుస్తున్నాను. ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. బోటనీలో ఎమ్మెస్సీ చేశాను, ఆ రంధ్రాల గురించి నాకూ ప్రశ్నలున్నాయి. ఆ రోజు ఎంతమంది ఆడవాళ్లు వచ్చారో చౌరస్తా అన్న రాయలేదు. లెక్కపెట్టే అవసరం పడలేదేమో! లీడ్స్‌లో ఆడా మగా కూర్చునే చోట పెట్టారు. మనం మగవాళ్లే కూర్చునే చోటు చూసుకుని ‘అందరికీ ఉచితం’ అని కాగితం అంటించాం.

సార్ పాముకాటు మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను, చేలో పత్తి ఏరేది ఎవరు? నాట్లు వేసేది ఎవరు? మన దగ్గర ముఖ్యమైన నాలుగు విషపాములకూ విరుగుడు సూదిమందు ఒకటే, కరిచిన పామును వెతుకుతూ కూర్చోకుండా నేరుగా ఆస్పత్రికి పోవాలన్న ముక్క ముందు తెలియాల్సింది వాళ్లకు. వాళ్లు మీ హోటల్‌కూ రారు, మీ హాలుకూ రారు.

గల్లాపెట్టె:
ఆ హోటల్ నాదే. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మాకు మంచి బేరం. ఆ వేళలో ముప్పై మంది తలా ఒక చాయ్‌తో రెండు గంటలు కూర్చున్నారు, అందులో వన్ బై టూలు వేరే. వినేవాళ్లకు ఉచితమే, పాలు నాకు ఉచితంగా రావు. అయినా వద్దనలేదు. మా నాన్న కాలంలో ఒకే పేపరును పదిమంది పంచుకుని చదివి గొడవపడేవాళ్లు, అప్పుడూ బేరం దెబ్బతినేది. ఆదివారం పదకొండు తర్వాత ఖాళీగానే ఉంటుంది. పైన గది ఉంది, ఇరవై రెండు కుర్చీలు, పొయ్యి చప్పుడు వినిపించదు.

పాత అధ్యాపకుడు:
మెట్లంటే నా మోకాళ్లు ఒప్పుకోవు. సరే, వస్తాను. మళ్లీ ఆ పసరాయన లేస్తే ఆపేదెవరు?

చౌరస్తా:
ఆపకండి సార్, అడగండి. ఎంతమందికి ఇచ్చాడు, ఎంతమంది బతికారు, కరిచింది విషపామేనని ఎలా తెలిసింది అని. విషం లేని పాము కరిస్తే ఏ పసరైనా పనిచేసినట్టే కనిపిస్తుంది కదా. హాలులో మైకు లాక్కుంటే ఆయన బయట చెప్పుకుంటాడు, అంతే.

పరకాల బస్సు:
ఆదివారం పదకొండంటే నాకు కుదురుతుంది. మా కాలనీ నుంచి ఇంకో ఆరుగురిని తీసుకొస్తాను. కానీ మెట్ల కింద సిగరెట్లు కాల్చేవాళ్లను తోసుకుంటూ పైకి ఎక్కాలా?

గల్లాపెట్టె:
వెనక సందులో ఇంకో తలుపు ఉందమ్మా. గ్యాస్ సిలిండర్లు అడ్డంగా ఉన్నాయి, తీయిస్తాను.

పరకాల బస్సు:
సిలిండర్లు అక్కడే ఉండనివ్వండి. సిగరెట్లు తీయించండి.