కార్తీక వనభోజనాల సద్దిని తలకోన కాలిబాట మీదికి తీసుకెళ్ళవచ్చా?

చర్చ ప్రారంభించినవారు: ఇద్దరు పిల్లల తండ్రి, తిరుపతి

కిందటి కార్తీకంలో మా అమ్మ, నేను, నా భార్య, పిల్లలిద్దరు, మా చిన్నాన్న కుటుంబం కలిసి తలకోనకు వెళ్ళాము. భాకరాపేట మీదుగా పోయి, సిద్ధేశ్వరస్వామి దర్శనం చేసుకుని, అక్కడి నుంచి 270 అడుగుల జలపాతం వైపు సాగే కాలిబాట మీద చెట్ల నీడన నెమ్మదిగా నడిచాము. మా అమ్మ సైతం ఆగి ఆగి హాయిగా నడవగలిగిన దారి అది. సగం దూరంలో ఒక బండ మీద కూర్చుని చిత్రాన్నం, పెరుగన్నం మూటలు విప్పామో లేదో, కోతులు చుట్టుముట్టాయి. ఆరేళ్ళ మా చిన్నమ్మాయి చేతిలోని ఓళిగను లాక్కోబోయి ఒక కోతి ఆమె మోచేతిని గీరింది. తిరిగి వచ్చాక విడతల వారీగా రేబిస్ టీకాలు వేయించవలసి వచ్చింది.

ఆ కోతి మీద నాకు కోపం లేదు. మాకన్నా ముందు వచ్చినవారు వదిలిన అన్నం మెతుకులు, చిప్స్ పొట్లాలు ఆ బండ చుట్టూ పడి ఉన్నాయి. మూట కనబడితే తిండి దొరుకుతుందని దానికి నేర్పింది మనమే. కాబట్టి గుడి దగ్గరే భోజనం ముగించి, మంచినీళ్ళు తప్ప మరేమీ లేకుండా కాలిబాట ఎక్కాలని నా అభిప్రాయం. పెద్దలు ఏమంటారు?

విశ్రాంత ఉపాధ్యాయిని, చిత్తూరు

నాయనా, పాపకు నయమైందని ఆశిస్తాను. అయితే మీ నిర్ణయాన్ని నేను ఒప్పుకోలేను. కార్తీకంలో ఉసిరి చెట్టు నీడన అందరూ కూర్చుని భోంచేయడమే వనభోజనం; బస్సులూ కార్లూ ఆగే చోట తినేదానికి ఆ పేరు ఎలా చెల్లుతుంది? మేము ఏటా మోదుగాకు విస్తళ్ళు తీసుకెళ్ళి, తిన్న తరువాత ఒక్క కాగితం కూడా మిగల్చకుండా మూటగట్టుకుని తెస్తాము. పైగా మా ఇంటాయనకు షుగరు ఉంది, వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. చెత్త వేసినవారికి జరిమానా విధించాలి గాని, పద్ధతిగా నడుచుకునే కుటుంబాలకు అడ్డు చెప్పడం న్యాయం కాదు.

ఇద్దరు పిల్లల తండ్రి, తిరుపతి

టీచరుగారూ, మీరు ఉసిరి చెట్టును ప్రస్తావించారు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. చుక్కల జింకలు రాలిన ఉసిరికాయలను మింగి, తరువాత నెమరు వేసేటప్పుడు గింజలను బయటికి ఉమ్మివేస్తాయి. ఆ విధంగా గింజ తల్లి చెట్టుకు దూరంగా పడి మొలకెత్తుతుంది. కోతులు కూడా అడవి పండ్లను బుగ్గలలో దాచుకుని పోయి, తిన్న చోటల్లా గింజలు వదులుతాయి. మనం పెట్టే అన్నానికి, వేరుశెనగకు అలవాటుపడిన కోతి చెట్ల మీదికి పోవడం తగ్గించి దారి పక్కనే కాపు కాస్తుంది. మీ విస్తరి మట్టిలో కలిసిపోతుంది, నిజమే. కానీ పులిహోర నూనె, ఉప్పు వాసన రాతి మీద మిగిలిపోతుంది, ఎంత శ్రద్ధగా ఏరినా పిల్లల చేతుల నుంచి జారిన మెతుకులు ఆకుల సందుల్లోనే ఉండిపోతాయి.

నన్ను మరింత భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఎంగిలి పడిన చోటికి కుక్కలు, అడవి పందులు చేరుతాయి. వాటి వెంట చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారిని చిరుత బలిగొన్న సంగతి ఈ ప్రాంతంలో ఏ తల్లీ మరచిపోలేదు. ఆ ఘటనకు తిండి చెత్తే కారణమని నేను అనడం లేదు, కానీ తలకోన కూడా అదే శేషాచల అడవి. 1989లో ప్రకటించిన శ్రీ వెంకటేశ్వర జాతీయ వనంలో మనం అతిథులుగా నడుస్తున్నాము. కొందరు అక్కడే రాళ్ళ పొయ్యి పెట్టి వండడం కూడా చూశాను; అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిషేధించింది.

మీ ఇంటాయనగారి విషయంలో మాత్రం నా మాట సవరించుకుంటాను. షుగరు ఉన్నవారు, పసిపిల్లల తల్లులు మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో అవసరమైనంత ఉంచుకోవడం తప్పు కాదు. నేను వద్దంటున్నది దారి మధ్యలో పంక్తి భోజనాన్నే.

పీలేరు నుంచి ఒక ఉద్యోగి

మేము పదకొండు గంటలకే గుడి దగ్గర భోంచేసి నడక మొదలుపెడతాము. కడుపు నిండిన పిల్లలు దారిలో తిండి అడగరు. కోతి ఎదురైతే పళ్ళు కనబడేలా నవ్వవద్దని, కళ్ళలోకి చూడవద్దని ముందే చెప్పి ఉంచుతాము, ఎందుకంటే అది వాటిని బెదిరింపుగా తీసుకుంటుంది.

విశ్రాంత ఉపాధ్యాయిని, చిత్తూరు

జింకల సంగతి నాకు తెలియదు నాయనా, చెప్పినందుకు సంతోషం. పొయ్యి విషయంలోనూ మీతో ఏకీభవిస్తాను. కానీ శుభ్రంగా తిని, శుభ్రంగా తిరిగి వచ్చే కుటుంబం అడవికి చేటు చేస్తుందనే మాట ఇప్పటికీ నా మనసుకు ఎక్కడం లేదు. ఈ కార్తీకంలో ఒక ఆదివారం మా వాళ్ళనందరినీ గుడి దగ్గరే కూర్చోబెట్టి వడ్డించి చూస్తాను. ఆయన డబ్బా మాత్రం నా చేతి సంచిలో ఉంటుంది. అక్కడ నీడనిచ్చే ఉసిరి చెట్టు ఏదైనా ఉంటే, ఎటువైపు ఉందో తెలిసినవారు ఇక్కడ రాయండి.