ఎత్తులో ఉన్న రాతి నగిషీ టెలీ లెన్స్‌తో తీస్తే మసగ్గా, చప్పగా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. పాత రాతి కట్టడాల మీద చెక్కిన లతలు, సింహం మొహాలు, చూరు కింద వరసగా ఉండే ఆకులు ఇవన్నీ దగ్గరగా తీయాలని ఎప్పట్నుంచో కోరిక, అందుకే 70-300 ఎంఎం టెలీ లెన్స్ (దూరంవి దగ్గరగా చూపించేది) కొన్నా, కెమెరా ఏపీఎస్-సీ, అంటే ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్‌ది. నగిషీ దాదాపు 20 మీటర్ల ఎత్తులో ఉంది, నేను గోడకి ఓ 15 మీటర్ల దూరంలో నిలబడి, 300 దగ్గర పెట్టి చేత్తోనే తీశా. లెన్స్ రంధ్రం ఎఫ్/16 (అంకె పెరిగితే రంధ్రం చిన్నది), సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100, షటర్ సెకనులో 1/100 వంతు. ఎండ నా వీపు మీద నుంచి నేరుగా గోడ మీదే పడుతోంది, అంటే వెలుతురికి లోటు లేదు. అయినా జూమ్ చేస్తే మసక, పైగా కంటికి అంత లోతుగా కనిపించిన చెక్కడం ఫొటోలో గోడకి కాగితం అతికించినట్టుంది. ఇంకా పెద్ద లెన్స్ కొనాలా?

జవాబు:
కొనకండి, ముందు ఉన్నదాంతోనే చేద్దాం. మసకకి మొదటి కారణం షటర్. ఏపీఎస్-సీ మీద 300 అంటే ఒకటిన్నర రెట్లు, 450 లెక్కన చూసుకోవాలి, చేత్తో పట్టుకుంటే షటర్ ఆ అంకెకి తగ్గకూడదు, అంటే కనీసం 1/500 ఉండాలి, మీరు 1/100 లో తీశారు. ఎఫ్/16 అవసరమే లేదు, అంత చిన్న రంధ్రంలో డిఫ్రాక్షన్ (రంధ్రం అంచుల దగ్గర కాంతి చెదరడం) వల్ల రాయి గరుకుదనమే మెత్తబడిపోతుంది. ఎఫ్/8 కి రండి, ఐఎస్ఓ 200 పెట్టండి, అదే ఎండలో 1/800 వస్తుంది. అంత దూరం నుంచి తీస్తే ఎఫ్/8 దగ్గర కూడా ఓ రెండు మీటర్ల లోతు ఫోకస్‌లో ఉంటుంది, నగిషీ లోతు ఎంత, మహా అయితే జానెడు.

చప్పగా రావడానికి మాత్రం మీరు మంచి వెలుతురు అనుకున్నదే కారణం అండీ. ఎండ మీ వెనక నుంచి వస్తే ప్రతి ఆకు నీడా ఆ ఆకు వెనకే దాక్కుంటుంది, కెమెరాకి నీడ కనపడకపోతే లోతు ఎక్కడ్నుంచి వస్తుంది? ఎండ గోడని పక్క నుంచి రాసుకుంటూ పోవాలి. ఒక్కో గోడకి అది రోజులో కాసేపే దొరుకుతుంది, ఎండ ఆ గోడ మీదకి అప్పుడే తిరుగుతున్నప్పుడు, లేకపోతే గోడని వదిలి వెళ్ళేటప్పుడు. ఆ కాసేపట్లో ఉలి గాట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. నేనైతే ముందు రోజు కెమెరా లేకుండా వెళ్ళి ఏ గోడ మీదకి ఎండ ఎన్నింటికి వస్తోందో రాసుకుని వస్తా, ఆ రాసుకున్న కాగితమే నాకు లెన్స్ కంటే ఎక్కువ పనికొచ్చింది. మరీ లోతుగా తొలిచిన చెక్కడం అయితే మాత్రం పక్క ఎండలో లోపలంతా నల్లగా మూసుకుపోతుంది, దానికి పల్చటి మబ్బు ఉన్న రోజే మేలు.

ఇంకోటి, వెనక్కి జరగండి. 15 మీటర్ల నుంచి 20 మీటర్ల ఎత్తుకి చూస్తే కెమెరా 50 డిగ్రీల దాకా పైకెత్తాలి, సింహం మొహం బదులు గడ్డం కింద భాగమే కనిపిస్తుంది. 60 మీటర్లు వెనక్కి వెళ్తే అదే 17 డిగ్రీలకి దిగుతుంది, మీ 300 కి అప్పుడు కూడా ఓ ఐదు మీటర్ల వెడల్పు ఫ్రేమ్ నిండా వస్తుంది. టెలీ లెన్స్ అసలు ఉపయోగం ఇదే, దూరంగా వెళ్ళి ఎదురుగా చూసినట్టు తీయడానికి.

ఇంకొకరి జవాబు:
పైన చెప్పినవన్నీ కరెక్టే, ఒక్కటి కలుపుతా. దూరం పెరిగితే మధ్యాహ్నం పూట వేడిగాలి సెగ అడ్డొస్తుంది, రాతి ఆవరణ మీదుగా తీస్తే చెక్కడం అంచులు నీళ్ళలో ఉన్నట్టు కదులుతాయి, దానికి ట్రైపాడ్ పెట్టినా షటర్ పెంచినా లాభం లేదు, పొద్దున్నే వెళ్ళడమే. ట్రైపాడ్‌కి చాలాచోట్ల అనుమతి కావాలి, ముందే అడగండి, ఇవ్వకపోతే పిట్టగోడ మీద బ్యాగ్ పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి. ట్రైపాడ్ దొరికితే రెండు సెకన్ల టైమర్, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెద్దది చేసి చేత్తో ఫోకస్. తెల్ల రాయికి ఎక్స్‌పోజర్ కొంచెం ప్లస్, నల్ల రాయికి కొంచెం మైనస్, లేకపోతే రెండూ బూడిద రంగులోకే వస్తాయి. రా (RAW, తర్వాత దిద్దుకోవడానికి వీలుగా సెన్సర్ సమాచారమంతా ఉండే ఫైల్) లో తీయండి. ముందుగా మొత్తం గోడ ఒక ఫొటో తీసి పెట్టుకోండి, ఇంటికెళ్ళాక ఏ ఆకు ఎక్కడిదో తెలియక నేను చాలా బాధపడ్డా.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఇవాళ పొద్దున్నే వెళ్ళా, ఎండ గోడ అంచు మీదకి వచ్చేదాకా ఆగి, బాగా వెనక్కి జరిగి, ఎఫ్/8, 1/800 లో తీశా. అదే ఆకుల వరస, ఈసారి ఒక్కో ఆకు మధ్య ఈనె, అంచు వెనక్కి మడత పడిన చోట సన్నటి నీడ విడివిడిగా వచ్చాయి. ఎడమ నుంచి మూడో ఆకు మీద నున్నగా తీర్చకుండా వదిలేసిన ఉలి గాట్లు ఉన్నాయి, ఏటవాలుగా, పక్కపక్కన. కింద నుంచి ఇన్నేళ్ళూ చూస్తున్నా అవి ఉన్నాయనే తెలీదు నాకు. ఇంకో గోడ కోసం సాయంత్రం మళ్ళీ వెళ్తున్నా.