అప్‌డేట్: మా కాకటీల్ నా చేతి మీదికి వచ్చింది

మూడు వారాల కింద అడిగాను: ఎవరో వదిలేసిన కాకటీల్‌ను (నెత్తి మీద కుచ్చు ఉండే చిన్న పెంపుడు చిలుక) హనుమకొండలో మా ఇంటికి తెచ్చుకున్నాం, సరిగ్గా తినడం లేదు, రాత్రిళ్లు ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంటోంది, ఏం చేయాలని. మీరందరూ ఎంతో ఓపికగా చెప్పారు. చాలా థ్యాంక్స్.

పంజరాన్ని హాలు మధ్య నుంచి గోడ వారకు జరిపాం. రాత్రి మూడు వైపులా పాత కాటన్ చీర కప్పి, చిన్న బెడ్‌లైట్ ఉంచుతున్నాం. చీకట్లో చిన్న చప్పుడుకే బెదిరే జాతి ఇది. లైట్ పెట్టాక ఒక్కసారే కొట్టుకుంది. నాన్‌స్టిక్ పెనం కూడా తీసేశాను, బాగా కాలితే ఆ పొగ పక్షుల ప్రాణం తీస్తుంది.

అసలు పని చేసింది మాత్రం కొర్ర కంకి. మా అత్తమ్మ ఊరి నుంచి తెచ్చింది. రోజూ సాయంత్రం పక్షి వైపు చూడకుండా, కంకిని కడ్డీల మధ్య పట్టుకుని కూర్చునేదాన్ని. తొమ్మిది రోజులు దగ్గరికే రాలేదు. పదో రోజు మెడ సాచి ఒక్క గింజ లాక్కుని వెనక్కి పోయింది. నిన్న తలుపు తీస్తే నా మణికట్టు మీదికెక్కి, నెత్తి మీది కుచ్చు సగం వాల్చి, తీరిగ్గా తిన్నది. గోళ్లు సన్నగా గుచ్చుకుంటున్నా కదల్లేదు నేను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొందరు అడిగారు కాబట్టి చెప్తున్నా, ఇది రామచిలుక కాదు. మన రామచిలుకను 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెంచకూడదు.

ఆకుకూరలు మాత్రం ఇంకా ముట్టడం లేదు. ఇవాళ కొత్తిమీర కట్ట వేలాడదీశాను.